ప్లే స్టోర్ బిల్లింగ్ తీసేసి యూపీఐతో నేరుగా చందా వసూలు చేస్తే కమిషన్ మిగులుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పిల్లలకు తెలుగు కథలు వినిపించే యాప్ ఒకటి నడుపుతున్నారు. నెలకు 99 రూపాయల చందా, సుమారు 2,000 మంది చందాదారులు, వారిలో కొందరు అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల వారు. గూగుల్, యాపిల్ గుత్తాధిపత్యాన్ని కోర్టులు తప్పుపట్టాయని వార్తల్లో చదివి, ఇక ప్లే స్టోర్ బిల్లింగ్ తీసేసి యూపీఐ ద్వారా నేరుగా డబ్బు తీసుకుంటే 30 శాతం కమిషన్ మొత్తం మిగులుతుందా, మన దేశంలో ఈ పరిస్థితి ముందు ముందు మారుతుందా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే, మిగలదు. భారతదేశంలోని చందాదారుల విషయంలో మీకు మిగిలేది 99 రూపాయలకు సుమారు రూపాయిన్నర మాత్రమే, దాని వెంట వచ్చే పని మాత్రం రూపాయిన్నరది కాదు. మీరు చదివిన తీర్పుల వల్ల మీకు నిజంగా లాభం కలిగే చోటు ఒకటి ఉంది, అది అమెరికాలోని మీ చందాదారులు. ఈ రెండూ ఎందుకు వేర్వేరో వివరంగా రాస్తాను. హైదరాబాదులో చిన్న యాప్ సంస్థలకు చెల్లింపుల ఏర్పాట్లు, వాటి లెక్కలు చూడటం నా వృత్తి కనుక, ఈ ప్రశ్న నా బల్ల మీదకు తరచుగా వస్తూనే ఉంటుంది. కింద రాసిన రేట్లు, తీర్పులు 2025 చివరి నాటి స్థితిని బట్టి చెబుతున్నవి.

మొదట, మీరు నిజంగా 30 శాతం కడుతున్నారా అన్నది చూసుకోండి. గూగుల్ ప్లేలో తమంతట తాము పునరుద్ధరణ అయ్యే చందాలకు 2022 జనవరి నుంచి మొదటి రోజు నుంచే 15 శాతమే. విడిగా అమ్మే డిజిటల్ సరుకుకు కూడా ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల ఆదాయం వరకు 15 శాతమే, ఆ పైన 30. అయితే ఈ రెండో రాయితీ దానంతట అది రాదు. ప్లే కన్సోల్‌లో, అంటే యాప్‌ను నిర్వహించుకునే గూగుల్ పేజీలో, మీకు సంబంధించిన డెవలపర్ ఖాతాలన్నీ ఒక గ్రూపుగా ప్రకటించి నమోదు చేసుకోవాలి. యాపిల్ వైపు కూడా 2021 జనవరి నుంచి చిన్న సంస్థలకు 15 శాతం పథకం ఉంది, దానికీ దరఖాస్తు చేసుకోవాల్సిందే. చేసుకోకపోతే ఒక్కో చందాదారుడి మొదటి ఏడాది అంతా 30 శాతం కోత పడుతుంది, ఏడాది దాటాకే అది 15కు దిగుతుంది. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఈ నమోదు చేయకుండానే కమిషన్ గురించి బాధపడుతుంటారు. కోర్టు తీర్పుల కోసం చూసే ముందు ఈ పని ముగించండి, ఐఫోన్ వైపు మీ ఖర్చు సగానికి సగం తగ్గే అవకాశం ఉంది.

ఇక అసలు విషయం. వార్తల్లో ఒకే మాటగా వినిపించే దానిలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి: డబ్బు ఎవరి గల్లాపెట్టెలో పడాలన్నది ఒకటి, స్టోరుకు వాటా ఇవ్వాలా వద్దా అన్నది మరొకటి. మొదటిది బిల్లింగ్, రెండోది కమిషన్. గత నాలుగైదేళ్లలో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన చట్టాలు, ఆదేశాలు ఎక్కువగా మొదటిదాన్ని తెరిచాయి. రెండోది చాలా చోట్ల అలాగే ఉంది, లేదా నాలుగు శాతం తగ్గి నిలబడింది. సినిమా హాలు యజమాని బయటి తినుబండారాలను అనుమతించి, తెచ్చుకున్న ప్రతి పొట్లానికీ గుమ్మం దగ్గర రుసుము తీసుకున్నట్టుగా ఉంది ఈ వ్యవహారం.

దక్షిణ కొరియాను చూడండి. యాప్ స్టోర్లు తమ బిల్లింగ్‌నే వాడాలని బలవంతపెట్టరాదని 2021 ఆగస్టులో ప్రపంచంలోనే తొలిసారి చట్టం చేసింది ఆ దేశమే. దానికి గూగుల్ ఇచ్చిన సమాధానం, వేరే బిల్లింగ్ వాడితే కమిషన్‌లో 4 శాతం పాయింట్లు తగ్గిస్తామని. యాపిల్ అక్కడ 30ని 26 చేసింది. బయటి గేట్‌వేకు, అంటే ఆన్‌లైన్ చెల్లింపులను నడిపే సంస్థకు, కట్టవలసింది కలిపితే డెవలపర్‌కు దాదాపు ఏమీ మిగలలేదు. చట్టం అక్షరాలా అమలైంది, జేబు మాత్రం నిండలేదు. మన దేశంలోనూ కథ ఇదే దారిలో నడిచింది.

2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్, అంటే సీసీఐ, గూగుల్ మీద రెండు ఆదేశాలు ఇచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే యాప్‌లు నింపి ఇచ్చే ఒప్పందాలకు సంబంధించి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా, ఆ తర్వాత అయిదు రోజులకు ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో 936.44 కోట్లు. మీకు సంబంధించింది రెండోది. దాని తర్వాత గూగుల్ 2023 జనవరిలో మన దేశంలోని డెవలపర్లు ప్లే బిల్లింగ్ పక్కనే తమ సొంత బిల్లింగ్ కూడా చూపించవచ్చని ప్రకటించింది. వినియోగదారుడు సొంత బిల్లింగ్‌ను ఎంచుకుంటే కమిషన్ 15కు బదులు 11, 30కు బదులు 26. అదే నాలుగు శాతం. ఇది సీసీఐ ఆదేశాన్ని పాటించడం కాదని మన స్టార్టప్‌లు వాదించాయి, 2024 మార్చిలో సీసీఐ ఈ విధానం మీద కొత్తగా దర్యాప్తుకు ఆదేశించింది, కానీ మధ్యంతర ఉపశమనం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ, గూగుల్ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందన్న నిర్ధారణలో కొంత భాగాన్ని నిలబెట్టి, జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. ఇన్ని మలుపుల్లో ఎక్కడా, గూగుల్ ఇంత శాతానికి మించి తీసుకోరాదు అని ఎవరూ అనలేదు. పత్రికల్లో జరిమానా అంకె పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు వెళ్తుందే తప్ప మీ చందా లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ 99 రూపాయలను బల్ల మీద పెట్టి చూద్దాం. జీఎస్టీ రెండు దారుల్లోనూ ఉంటుంది కనుక పోలిక కోసం దాన్ని పక్కన పెడుతున్నాను. ప్లే బిల్లింగ్‌లో 15 శాతం అంటే 14.85 రూపాయలు పోయి 84.15 మీ చేతికి వస్తుంది. సొంత బిల్లింగ్ అయితే 11 శాతం, అంటే 10.89 గూగుల్‌కు కట్టాలి. యూపీఐ మీద వ్యాపారి రుసుము లేదన్నది నిజమే, కానీ మీరు బ్యాంకుతో నేరుగా కాక గేట్‌వే ద్వారానే వెళ్తారు. గేట్‌వేలు తమ సేవకు మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. అంటే మరో 2.34. మొత్తం 13.23. తేడా 1.62 రూపాయలు. మీ 2,000 మందీ అమెరికా వారితో సహా మన దేశంలోనే ఉన్నారని, అందరూ సొంత బిల్లింగ్‌కే వచ్చారని అనుకున్నా నెలకు 3,240 రూపాయలు. అందరూ రారు, ఎందుకంటే నిబంధన ప్రకారం రెండు ఎంపికలనూ పక్కపక్కనే చూపించాలి. ప్లే బిల్లింగ్‌నే ఎంచుకున్నవారి దగ్గర మళ్లీ 15 శాతమే.

దీనికి ఎదురుగా ఉన్న ఖర్చు ఒకటి ఎవరూ ముందుగా లెక్కలో వేసుకోరు. ఇప్పుడున్న చందాదారుల ఆటోపే అనుమతి ప్లే స్టోర్ దగ్గర ఉంది, దాన్ని మీ గేట్‌వేకు బదిలీ చేయడం కుదరదు. ప్రతి ఒక్కరూ మళ్లీ యూపీఐ పిన్ కొట్టి కొత్తగా అనుమతి ఇవ్వాలి. పిల్లల కథల యాప్‌కు చందా కట్టే తల్లి, వంటింట్లో ఉండగా ఫోనులో వచ్చిన ఆ సందేశాన్ని తర్వాత చూద్దాంలే అనుకుని పక్కన పెట్టేస్తుంది, చాలాసార్లు ఆ తర్వాత అన్నది రాదు. ఒక్క చందాదారు పోతే మీకు నెలకు 84 రూపాయల నష్టం. 39 మంది జారిపోతే, అంటే నూటికి ఇద్దరు, మీరు మిగుల్చుకున్న 3,240 అక్కడికక్కడే సరిపోతుంది. ఇలాంటి మార్పిడుల్లో నూటికి ఇద్దరే పోవడం నేనైతే చూడలేదు, అంతకంటే ఎక్కువే పోతారు.

బిల్లింగ్ మీదైతే ఫిర్యాదులూ మీవే. విజయవాడలోని ఒక చిన్న చదువుల యాప్ వారికి సొంత బిల్లింగ్ ఏర్పాటు చేసినప్పుడు, మొదటి నెలలో వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం పాఠాల గురించి కాదు. పిల్లాడు పొరపాటున నొక్కేశాడు, డబ్బు వెనక్కి ఇవ్వండి. రెండుసార్లు కోత పడింది, ఒకటి ఇవ్వండి. ఖాతాలో డబ్బు పోయింది కానీ యాప్ తెరుచుకోవడం లేదు. మూడో రకం ఫిర్యాదుకు కారణం, బ్యాంకు నుంచి గేట్‌వేకు, అక్కడి నుంచి వారి సర్వరుకు రావలసిన కబురు కొన్ని నిమిషాలు ఆలస్యం కావడం. దానికోసమే ఒక మనిషిని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇవి కాక, బయటి బిల్లింగ్‌లో జరిగిన ప్రతి లావాదేవీనీ 24 గంటల్లోగా గూగుల్‌కు సాఫ్ట్‌వేర్ ద్వారా తెలియజేయాలి, వాపసులు కూడా. వారు దాన్ని బట్టి బిల్లు పంపుతారు. ఆ లెక్కకూ మీ గేట్‌వే లెక్కకూ పొంతన చూసుకోవడం ప్రతి నెలాఖరు పని. ఇంత చేసి మిగిలేది రూపాయిన్నర అంటే, నేను వద్దనే చెబుతాను.

మీరు సూటిగా అడగకపోయినా ప్రశ్నలో దాగి ఉన్న ఇంకో ఆలోచన ఉంది. యాప్ లోపల ఒక క్యూఆర్ బొమ్మ పెట్టి, స్కాన్ చేసి డబ్బు పంపండి, వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టండి, మేము యాప్ తెరుస్తాం అనే పద్ధతి. దయచేసి ఇది చేయకండి. 2024 మార్చి 1న ఏమైందో గుర్తు చేసుకోండి. గూగుల్ బిల్లింగ్ విధానాన్ని సవాలు చేసి మద్రాసు హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టు నుంచి మధ్యంతర రక్షణ దొరకని సంస్థల యాప్‌లను గూగుల్ ఆ రోజు ప్లే స్టోర్ నుంచి తొలగించింది. నౌకరీ, 99 ఏకర్స్, భారత్ మాట్రిమొనీ, షాదీ వంటి పేర్లు అందులో ఉన్నాయి, మీలాగే వినే సరుకు అమ్మే కుకూ ఎఫ్‌ఎం కూడా ఉంది. కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం చేసుకున్న తర్వాత కొద్ది రోజుల్లోనే యాప్‌లు తిరిగి వచ్చాయి, కానీ గూగుల్ అప్పుడు కూడా తన రుసుము హక్కును వదులుకోలేదు, బిల్లులు వేస్తూనే ఉంటామని, కట్టడానికి గడువు మాత్రం ఇస్తామని చెప్పింది. అంత పెద్ద సంస్థల కోసం మంత్రి మాట్లాడారు. 2,000 మంది చందాదారులున్న కథల యాప్ ఒక శుక్రవారం సాయంత్రం మాయమైతే ఎవరికి ఫోన్ చేస్తారు?

ఇక అమెరికా సంగతి. 2020 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ తన ఫోర్ట్‌నైట్ ఆటలో సొంత చెల్లింపు పెట్టడం, ఒకే రోజున యాపిల్, గూగుల్ రెండూ ఆటను తొలగించడం, ఎపిక్ ఇద్దరి మీదా దావా వేయడం మీకు తెలిసే ఉంటుంది. యాపిల్ కేసులో న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ 2021 సెప్టెంబరులో ఎపిక్ వాదనల్లో చాలావాటిని తోసిపుచ్చి, ఒక్క విషయంలో మాత్రం యాపిల్‌ను కట్టడి చేశారు: యాప్ లోపలి నుంచి బయటి చెల్లింపుకు లింకు ఇవ్వకుండా డెవలపర్లను ఆపరాదు అని. అప్పీళ్లు ముగిసి 2024 జనవరిలో ఆ ఆదేశం అమలులోకి వచ్చినప్పుడు యాపిల్ లింకులను అనుమతించి, ఆ లింకు ద్వారా జరిగే కొనుగోళ్ల మీద 27 శాతం రుసుము పెట్టింది. కొరియాలో చూసిన పద్ధతే, ఇంకా గట్టిగా. ఈసారి న్యాయమూర్తి ఊరుకోలేదు. 2025 ఏప్రిల్ 30న యాపిల్ కోర్టు ధిక్కారానికి పాల్పడిందని తేల్చి, అమెరికాలో బయటి లింకు కొనుగోళ్ల మీద ఏమీ వసూలు చేయరాదని ఆదేశించారు. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు ధిక్కార నిర్ధారణను నిలబెట్టింది కానీ, ఎప్పటికీ సున్నా అన్న భాగం సరికాదని, కొంత రుసుముకు చోటుందని అంది. కనుక ఆ సున్నా శాశ్వతం అనుకోకండి.

గూగుల్ కేసులో 2023 డిసెంబరులో జ్యూరీ ఎపిక్ పక్షాన తీర్పు ఇచ్చింది, 2024 అక్టోబరులో న్యాయమూర్తి జేమ్స్ డొనాటో ప్లే స్టోర్‌ను తెరవమని ఆదేశించారు, 2025 జులైలో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది, అక్టోబరులో సుప్రీంకోర్టు స్టే నిరాకరించింది. ఆ నెలాఖరు నుంచి అమెరికా వినియోగదారులకు బయటి చెల్లింపులు చూపే వీలు కలిగింది. నవంబరులో ఎపిక్, గూగుల్ కలిసి ఒక రాజీ ప్రతిపాదనను కోర్టు ముందు పెట్టాయి, అందులో కమిషన్‌ను లావాదేవీ రకాన్ని బట్టి 9 లేదా 20 శాతానికి పరిమితం చేసే మాట ఉంది. 2025 చివరి నాటికి అది ప్రతిపాదన మాత్రమే. దాన్ని నమ్ముకుని ధరలు మార్చవద్దు.

మీకు పనికొచ్చేది ఇక్కడుంది. అమెరికా స్టోరు ఖాతా ఉన్న మీ ఐఫోన్ చందాదారులకు యాప్ లోపలే మీ వెబ్‌సైట్ చెల్లింపు లింకు చూపించవచ్చు. అమెరికా స్టోరు ఖాతా అన్న మాటను గమనించండి. డాలస్‌లో కాపురం ఉంటున్నా ఫోనులోని ఖాతా ఇంకా భారత స్టోరుదే అయితే వారికి ఇది వర్తించదు, కొత్తగా వెళ్లిన కుటుంబాల్లో ఇలాంటివారు కనబడుతుంటారు. నెలవారీ చందాకు మాత్రం ఈ దారి అంత గొప్పది కాదు. అక్కడి గేట్‌వేల సాధారణ రేటు 2.9 శాతం, పైన లావాదేవీకి 30 సెంట్లు. నెలకు 4.99 డాలర్లు అయితే ఖర్చు దాదాపు 45 సెంట్లు, అంటే 9 శాతం. యాపిల్ చిన్న సంస్థల రేటు 15 శాతంతో పోలిస్తే మిగిలేది 30 సెంట్లు. అదే ఏడాదికి 39.99 డాలర్ల చందాగా అమ్మితే ఖర్చు 1.46 డాలర్లు, యాపిల్‌కైతే 6 డాలర్లు వెళ్లేది. ఒక్కో కుటుంబం మీద నాలుగున్నర డాలర్లు. కాబట్టి బయటి చెల్లింపును వార్షిక చందాకే వాడండి, నెలవారీని స్టోరుకే వదిలేయండి. రెండు జాగ్రత్తలు చెప్పాలి. మీరే అమ్మకందారు అయినప్పుడు అమెరికా రాష్ట్రాల అమ్మకపు పన్ను బాధ్యత మీ మీద పడుతుంది, కొన్ని రాష్ట్రాల్లో డిజిటల్ చందాకు పన్ను ఉంది, కొన్నింటిలో లేదు; అమ్మకాలు పెరిగే ముందు అక్కడి లెక్కలు తెలిసినవారిని సంప్రదించండి. రెండోది, పైన చెప్పిన గేట్‌వే రేటు అమెరికాలో రిజిస్టరైన సంస్థకు. ఇక్కడి ఖాతాతో విదేశీ కార్డులు తీసుకుంటే రేటు వేరుగా ఉంటుంది, కార్డు యజమాని అభ్యంతరం చెబితే డబ్బు వెనక్కి లాగబడే బెడద కూడా ఎక్కువ.

మన దేశంలోనూ కమిషన్ లేని, నిబంధనలకు లోబడిన దారి ఒకటి ఉంది. చందాను మీ వెబ్‌సైట్‌లో అమ్మండి, యాప్‌లో లాగిన్ అయి వినడం మాత్రమే ఉంచండి. బయట కొన్న చందా మీద గూగుల్ వాటా అడగదు. యాప్ లోపల మాత్రం అక్కడికి వెళ్లి కొనండి అని చూపే విషయంలో ప్లే విధానం కట్టుదిట్టంగా ఉంటుంది, ఆ రోజుకు అమలులో ఉన్న నిబంధన చదివాకే ఏదైనా రాయండి. ఈమెయిల్‌లో, వాట్సాప్ ఛానెల్‌లో, బడుల దగ్గర పంచే కరపత్రంలో చెప్పుకోవడానికి అడ్డు లేదు. ఒకరొకరుగా వచ్చే కొత్త చందాదారులు యాప్ లోపలే కొంటారు, వారిని వెబ్‌సైట్‌కు నడిపించడం కష్టం. కానీ ఒక బడి 60 మంది పిల్లలకు ఏడాది చందా కొనేటప్పుడు అది యాప్‌లో జరగనే జరగదు, చెక్కో బ్యాంకు బదిలీయో ఉంటుంది. మీ సరుకుకు ఆ బేరం బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

మన దగ్గర ఈ పరిస్థితి మారుతుందా అని కూడా మీరు అడిగారు. డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వచ్చింది. దేశంలో 4,000 కోట్ల రూపాయల టర్నోవర్, కోటి మంది వినియోగదారులు వంటి కొలమానాలతో పెద్ద సంస్థలను గుర్తించి, తప్పు జరిగాక శిక్షించడం కాకుండా ముందే నియమాలు విధించాలన్నది దాని ఉద్దేశం. యూరప్‌లో ఇలాంటి చట్టం కిందే 2025 ఏప్రిల్‌లో, బయటి ఆఫర్ల గురించి డెవలపర్లు చెప్పుకోకుండా అడ్డుకున్నందుకు యాపిల్‌కు 50 కోట్ల యూరోల జరిమానా పడింది. 2025 చివరి నాటికి మన ముసాయిదా చట్టం కాలేదు. అయినప్పుడు కూడా మీరు మొదట చూడవలసింది అది బిల్లింగ్ గురించి మాట్లాడుతోందా, కమిషన్ గురించా అన్నదే.

సొంత బిల్లింగ్ ఎప్పుడు లాభం అన్నదానికి నా లెక్క చెబుతాను. మన దేశంలో మిగులు ఏ శ్లాబులోనైనా దాదాపు 1.64 శాతమే, 15 నుంచి 11కు దిగినా, 30 నుంచి 26కు దిగినా అదే. ఏడాదికి 24 లక్షల అమ్మకాల మీద అది 39 వేలు. పది కోట్ల మీద 16 లక్షలు, అప్పుడు చెల్లింపులు, ఫిర్యాదులు చూసే ఇద్దరిని పెట్టుకున్నా కొంత మిగులుతుంది, పైగా చందాదారుల వివరాలు మీ దగ్గరే ఉంటాయి. మూడు కోట్లు దాటేవరకు నేను నా క్లయింట్లకు ఆ మాటే ఎత్తను. మీ చందాదారుల్లో ఐఫోన్ వారు, అమెరికా స్టోరు వారు ఎంతమందో కన్సోళ్లలో చూసి ఇక్కడ రాస్తే, వార్షిక చందా ధర ఎంత పెట్టాలో లెక్క వేసి చెబుతాను.